‘ది గ్రేట్ గాట్స్‌బీ’లో అబద్ధాలు అందరివీ, మూల్యం కొందరిదేనా?

మనోజ్ఞ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో వెలువరించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ని మొన్న మూడోసారి చదవడం పూర్తి చేశాను. డిగ్రీలో పరీక్ష కోసం చదివినప్పుడు అది నెరవేరని ప్రేమ కథలా అనిపించింది. ఉద్యోగంలో చేరాక చదివితే డబ్బు కథలా అనిపించింది. ఈసారి మాత్రం, ఏ పేజీ తిప్పినా ఎవరో ఒకరు అబద్ధమాడుతూనే ఉన్నారన్న సంగతి నన్ను వదలలేదు.

చదివి చాలాకాలమైనవారి కోసం క్లుప్తంగా చెబుతాను. కథ 1922 వేసవిలో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్ మీద జరుగుతుంది. తరతరాల ఆస్తిపరులుండే ఈస్ట్ ఎగ్‌లో టామ్ బుకానన్, అతని భార్య డెయిజీ ఉంటారు. కొత్తగా డబ్బు చేసినవాళ్లుండే వెస్ట్ ఎగ్‌లో గాట్స్‌బీ ఉంటాడు. అతని పక్కనే నెలకు 80 డాలర్ల అద్దె ఇంట్లో ఉంటూ నిక్ మనకు కథ చెబుతాడు. గరాజు నడుపుకునే జార్జ్ విల్సన్ భార్య మర్టిల్‌ను టామ్ ఉంచుకున్నాడు. డెయిజీ, తన పెళ్లికి ముందు ప్రేమించిన గాట్స్‌బీకి మళ్లీ దగ్గరవుతుంది. డెయిజీ స్నేహితురాలు జోర్డన్ మీద, తన మొదటి పెద్ద గోల్ఫ్ పోటీలోనే బంతిని చాటుగా జరిపిందన్న అపవాదు ఉంది. గాట్స్‌బీ అయితే పేరు దగ్గర నుంచి పుట్టుక దాకా అన్నీ కల్పించుకున్న మనిషి.

చివరికి గాట్స్‌బీ కారు గుద్ది మర్టిల్ చనిపోతుంది. ఆ తప్పు గాట్స్‌బీదే అనుకుని విల్సన్ అతన్ని కాల్చి చంపి, తననుతానూ కాల్చుకుంటాడు. ప్రాణాలు పోగొట్టుకున్న ఆ ముగ్గురూ కింది నుంచి వచ్చినవాళ్లే. టామ్, డెయిజీలు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. శ్రీమంతుల అబద్ధానికీ మిగతావాళ్ల అబద్ధానికీ మధ్య రచయిత ఏదైనా తేడా చూపించాడా, లేక అది నా ఊహా? దయచేసి వివరంగా చర్చించగలరు.

పాతపుస్తకం

మనోజ్ఞ గారూ, అది మీ ఊహ కాదు. నవలలో పేదవాడి అబద్ధం ఒకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. న్యూయార్క్‌లో 158వ వీధిలో మర్టిల్ కోసం టామ్ తీసుకున్న చిన్న అపార్ట్‌మెంటులో జరిగే తాగుడు పార్టీలో, తాను విల్సన్‌ను ఎందుకు అసహ్యించుకుంటుందో మర్టిల్ చెబుతుంది. అతను పెళ్లినాడు వేసుకున్న సూటు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఒకరోజు భర్త ఇంట్లో లేని సమయంలో ఆ సూటు యజమాని వచ్చి తన బట్టలు తనకిమ్మని అడిగాడు. ఆమె వాటిని ఇచ్చేసి, మంచం మీద పడి ఆ మధ్యాహ్నమంతా ఏడ్చింది.

ఇప్పుడు టామ్ పెళ్లి చూడండి. పెళ్లికి ముందురోజు అతను డెయిజీకి ఇచ్చిన ముత్యాల హారం విలువ మూడున్నర లక్షల డాలర్లు. పెళ్లై కొద్ది నెలలైనా కాకముందే, శాంతా బార్బరాలో అతని కారు రోడ్డు మీద మరో బండిని గుద్దినప్పుడు, కారులో అతని పక్కనున్నది అక్కడి హోటల్ పనిమనిషి. ఆమె చెయ్యి విరిగింది కాబట్టి పత్రికలకెక్కింది, లేకపోతే అదీ బయటికి వచ్చేది కాదు. అరువు సూటు తెచ్చుకున్న మగవాడు భార్యను పిచ్చిగా ప్రేమించాడు, ఒక్క జత బట్టల విషయంలో ఆమెను మోసం చేశాడు, దానికి ఆమె జీవితాంతం అతన్ని క్షమించలేదు. హారం పెట్టినవాడు మనిషినే మోసం చేశాడు, అయినా డెయిజీ అతని ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంగ్లీషు మాస్టారు

నేను ముప్పై ఏళ్లుగా ఈ నవలను తరగతిలో చెబుతున్నాను. పాతపుస్తకం గారు చెప్పిన సూటు పక్కనే పిల్లలకు ఇంకో దుస్తును చూపిస్తుంటాను. 1917లో లూయివిల్‌లో డెయిజీని కలిసినప్పుడు గాట్స్‌బీ సైనికాధికారి యూనిఫారంలో ఉన్నాడు. యూనిఫారం వేసుకున్నవాడి జేబులో ఎంతుందో, తండ్రి ఏ పొలంలో పని చేశాడో ఎవరికీ తెలియదు. తానూ ఆమె అంతస్తువాడినేనని ఆమెను నమ్మనిచ్చాడు. అదీ అరువు సూటే.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరు. మనకొక సామెత ఉంది: ‘రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా.’ అక్రమ సంబంధం పెట్టుకున్న మనిషికి అబద్ధం వేరే నేర్పనక్కరలేదని మన పెద్దలు ఏనాడో గ్రహించారు, కానీ ఆ మాటను ‘అమ్మ’ మీదకే తోశారు. నిక్ చేసేదీ అదే. జోర్డన్ ఎవరి దగ్గరో తెచ్చుకున్న కారును పైకప్పు తెరిచి వానలో వదిలేసి, ఆ తర్వాత అబద్ధమాడిన సంగతి గుర్తు చేసుకుని, ఆమె నయం కాని అబద్ధాలకోరు అని తీర్మానిస్తాడు. అక్కడితో ఆగకుండా, ఆడదానిలోని నిజాయితీలేమిని తీవ్రంగా తప్పుపట్టనక్కరలేదన్నట్టు మాట్లాడతాడు. టామ్ గురించి ఇలాంటి తీర్పును అంత తొందరగా ఇవ్వడు. టామ్ తన ఉంపుడుగత్తెను చూపిస్తానని రైలు దించి లాక్కెళితే, వెళ్లి ఆమెతో కలిసి తాగి వస్తాడు. డెయిజీ అతనికి వరుసకు చెల్లెలు. ఆమెతో ఒక్క మాట చెప్పడు.

కర్నూలు వకీలు

మాస్టారి మాటకు నా వృత్తి వైపు నుంచి ఒక విషయం కలుపుతాను. ఆ అపార్ట్‌మెంటు పార్టీలోనే మర్టిల్ అక్కచెల్లెళ్లలో ఒకరైన కేథరిన్ నిక్‌తో రహస్యంగా ఒక మాట చెబుతుంది. టామ్, మర్టిల్ పెళ్లి చేసుకోకపోవడానికి కారణం డెయిజీయేనట, ఆమె కేథలిక్ కాబట్టి విడాకులకు ఒప్పుకోదట. డెయిజీ కేథలిక్ కాదు. అంత పకడ్బందీగా అల్లిన అబద్ధానికి నిక్ నివ్వెరపోతాడు.

ఆ అబద్ధం ఎంత చాకచక్యమైనదో చట్టం తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1966లో చట్టం మార్చేదాకా న్యూయార్క్ రాష్ట్రంలో విడాకులకు ఆధారం వ్యభిచారం ఒక్కటే. అంటే విడాకులకు కావలసిన కారణం డెయిజీ చేతిలో సిద్ధంగా ఉంది, దాన్ని అందించినవాడు టామ్. కోర్టుకు వెళ్లవలసిన మనిషి డెయిజీ, మతం అడ్డమని చెప్పుకున్నదీ డెయిజీ పేరు మీదే. భార్య వ్యక్తిత్వాన్నే అడ్డుగోడగా కట్టి, ఉంచుకున్న మనిషిని ఆశలో నిలబెట్టాడు. మర్టిల్ ఆ గోడను నిజమని నమ్మింది. అదే రాత్రి ఆమె డెయిజీ పేరును పదే పదే ఉచ్చరించినందుకు టామ్ అరచేత్తో కొట్టి ముక్కు విరగ్గొట్టాడు. అతనికి ఉంచుకున్న మనిషీ కావాలి, భార్య గౌరవమూ కావాలి. ఒకచోటి మాట ఇంకోచోట వినిపించకూడదు.

రాఘవ_వరంగల్

అందరూ టామ్‌ను దుయ్యబట్టి గాట్స్‌బీని బాధితుడి పక్కన కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. గాట్స్‌బీ పేదవాడిగా పుట్టాడు, కానీ కథ నాటికి పేదవాడు కాడు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమల్లో ఉంది. ఆ కాలంలో వుల్ఫ్‌షీమ్ అనే జూదగాడితో కలిసి సందుల్లోని మందుల దుకాణాలు కొని, వాటిలో సారాయి అమ్మించి సంపాదించాడు. అతను చనిపోయాక ఫోను మోగుతుంది. నిక్ ఎత్తితే, అవతలివాడు తాను మాట్లాడుతున్నది గాట్స్‌బీతోనే అనుకుని, బాండ్లు చేతులు మార్చబోయిన తమ మనిషి పట్టుబడ్డాడని చెప్పేస్తాడు. అవి దొంగ బాండ్లని అర్థమవుతూనే ఉంది. ఆ బాండ్లలో ఎందరి పొదుపు సొమ్ము ఉందో నవల చెప్పదు. టామ్ భార్యను మోసం చేశాడు, గాట్స్‌బీ ముఖం కూడా తెలియని జనాన్ని మోసం చేశాడు. రెండోది చిన్న తప్పు ఎలా అవుతుంది?

పైగా అతని ప్రేమలోనూ ఒక బలవంతం ఉంది. ప్లాజా హోటల్ గదిలో, మండే ఎండలో, టామ్‌ను తానెన్నడూ ప్రేమించలేదని డెయిజీ నోటితో చెప్పించాలని పట్టుబడతాడు. ఇప్పుడు నిన్ను ప్రేమిస్తున్నాను, అది చాలదా అని ఆమె అడుగుతుంది. అతన్నీ ఒకప్పుడు ప్రేమించానని ఒప్పుకుంటుంది. ఆ గదిలో నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. గాట్స్‌బీ కోరింది అబద్ధం.

మనోజ్ఞ

రాఘవ గారూ, చివరి మాట నన్ను ఆపేసింది. మూడుసార్లు చదివినా, ఆ గదిలో డెయిజీని పిరికిదానిగానే చూశాను. ఆమె చెప్పినది నిజమని, ఆ నిజాన్ని ఆ ఇద్దరు మగవాళ్లలో ఏ ఒక్కరూ భరించలేకపోయారని ఇప్పుడు అనిపిస్తోంది. ధన్యవాదాలు.

క్వీన్స్_తెలుగు

నేను న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటాను. నవలలో విల్సన్ గరాజు ఉండే ‘బూడిద లోయ’ కల్పన కాదు. కరోనా అనే పేటలో నగరపు బూడిద తెచ్చి పోసిన పెద్ద మైదానం ఉండేది. తర్వాత దాన్ని చదును చేసి 1939 ప్రపంచ ప్రదర్శన పెట్టారు. ఇప్పుడది ఫ్లషింగ్ మెడోస్ పార్కు. అక్కడికి ఎంతో దూరం లేని బౌన్ వీధి గణపతి గుడికి ఇక్కడి తెలుగువాళ్లందరం వెళుతుంటాం. పిల్లలతో ఆ పార్కులో నడుస్తున్నప్పుడల్లా మర్టిల్ ఆ బూడిదలోంచి ఎంత దూరం వెళ్లాలని ఆశపడిందో గుర్తొస్తుంది.

రచయిత ఆ చోటును రహదారి మధ్యలో పెట్టడానికి కారణం ఉందని నా నమ్మకం. ఈస్ట్ ఎగ్ నుంచి న్యూయార్క్ వెళ్లే ప్రతి కారూ, ప్రతి రైలూ ఆ బూడిద పక్కనుంచే వెళ్లాలి. పడవల కోసం వంతెన ఎత్తినప్పుడు రైలు ప్రయాణికులు అరగంట దాకా ఆ దృశ్యాన్ని చూస్తూ కూర్చోవాలి. చూడలేదని చెప్పడానికి ఎవరికీ వీలు లేదు. టామ్ అక్కడే దిగి, అమ్ముతానన్న కారు గురించి విల్సన్‌తో బేరమాడుతూ, అతను పక్కకు వెళ్లగానే అతని భార్యను తర్వాతి రైలు ఎక్కి రమ్మంటాడు. ఆ కారు ఎప్పుడిస్తారని విల్సన్ అడిగితే కసురుకుంటాడు. విల్సన్ బతుకు బాగుపడేదేమైనా ఉంటే ఆ కారుతోనే.

ఇంగ్లీషు మాస్టారు

క్వీన్స్ గారు రాసినది చదివాక కుక్క పట్టీ గుర్తొచ్చింది. తోలుతో చేసి వెండితీగ అల్లిన ఖరీదైన పట్టీ. మర్టిల్ దాన్ని పల్చటి కాగితంలో చుట్టి తన బల్ల మీద దాచుకుంది. ఇంట్లో కుక్క లేదు. ఆమె ఏదో చెప్పబోయింది గానీ విల్సన్‌కు అనుమానం వచ్చింది. ఆమె పోయిన రాత్రి అతను దాన్ని పొరుగువాడైన మైకేలిస్‌కు చూపిస్తాడు. మైకేలిస్‌కు అందులో విడ్డూరమేమీ కనిపించదు, కుక్క పట్టీ కొనుక్కోవడానికి డజను కారణాలు చెబుతాడు. టామ్‌కు అది ఒక మధ్యాహ్నపు ముచ్చట. మర్టిల్ కోరితే, ఆ అపార్ట్‌మెంటు కోసం కుక్కపిల్లను పది డాలర్లకు రోడ్డు మీద కొన్నాడు. ఇక్కడ మాత్రం అది ఒక కాపురం మొత్తం కూలిపోయిన రుజువు.

భార్య మోసం చేస్తోందని టామ్‌కూ, విల్సన్‌కూ ఇంచుమించు ఒకే గంటలో తెలుస్తుంది. విల్సన్ ఆ దెబ్బకు జబ్బుపడి, భార్యను మేడ మీద గదిలో పెట్టి తాళం వేస్తాడు, వేరే దారి తెలియదు. టామ్ అందరినీ వెంటబెట్టుకుని ప్లాజా హోటల్లో గది తీసుకుంటాడు.

సుభాషిణి

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఈ చర్చ చూశాక రాయాలనిపించింది. 2013 సినిమాలో వుల్ఫ్‌షీమ్‌గా అమితాబ్ బచ్చన్ నటించారని తెలిసి చూసి, ఆ తర్వాత పుస్తకానికి వచ్చినదాన్ని. నాకొక సందేహం. ప్రమాదం జరిగిన రాత్రి కారు నడిపింది డెయిజీ. తానే నడిపానని గాట్స్‌బీ చెప్పుకుంటానంటాడు. ఆ రాత్రి వంటగది బల్ల దగ్గర టామ్, డెయిజీ కూర్చుని ఉండగా నిక్ కిటికీ తెర సందులోంచి చూస్తాడు. వాళ్ల మధ్య చల్లారిన వేపుడు కోడిమాంసం పళ్లెం, రెండు బీరు సీసాలు ఉంటాయి. ఇద్దరూ వాటిని ముట్టరు. టామ్ ఆమె చేతి మీద చెయ్యి వేసి ఏదో చెబుతుంటాడు, ఆమె మధ్యమధ్య తలూపుతుంటుంది. అప్పుడు ఆమె నిజం చెప్పిందా, లేదా?

కర్నూలు వకీలు

సుభాషిణి గారూ, ఈ చర్చకు కేంద్రం ఇదే. అక్టోబరు చివర్లో ఫిఫ్త్ అవెన్యూలో టామ్ ఎదురైనప్పుడు నిక్ సూటిగా అడుగుతాడు, ఆ మధ్యాహ్నం విల్సన్‌కు ఏం చెప్పావని. మర్టిల్‌ను గుద్దిన పసుపు కారు ఎవరిదో చెప్పానని టామ్ ఒప్పుకుంటాడు. విల్సన్ జేబులో తుపాకి మీద చెయ్యి పెట్టుకుని వచ్చాడని, చెప్పకపోతే తననే చంపేవాడని అంటాడు. మర్టిల్‌ను కుక్కను తొక్కించినట్టు తొక్కించి ఆగకుండా పోయాడని గాట్స్‌బీని తిడతాడు. అపార్ట్‌మెంటు ఖాళీ చేసేటప్పుడు అల్మరా మీద కుక్క బిస్కెట్ల డబ్బా కనబడితే పసిబిడ్డలా ఏడ్చానని కూడా చెబుతాడు. ఆ ఏడుపు నటన అని నేననుకోను. అలాగైతే డెయిజీ అతనికి నిజం చెప్పలేదు. తన భర్త ఉంచుకున్న మనిషిని తానే చంపి, నేరం తన ప్రియుడి మీద వేసి, ఆ భర్త చేయి పట్టుకుని కూర్చుంది. ఒకవేళ చెప్పి ఉంటే, టామ్ తెలిసి తెలిసీ విల్సన్‌ను గాట్స్‌బీ మీదకు పంపాడు. ఏ వైపు నుంచి చదివినా ఆ బల్ల మీద ఉన్నది అబద్ధమే.

నిక్ అప్పుడేం చేశాడు? అది నిజం కాదన్న ఒక్క మాట నోటిదాకా వచ్చినా చెప్పలేదు. టామ్‌తో చేయి కలపనని మొదట భీష్మించుకున్నవాడు, చివరికి కలిపాడు.

ఇంకా ముందు, మరణ విచారణలో కేథరిన్ ప్రమాణం చేసి, మర్టిల్ గాట్స్‌బీని ఎన్నడూ చూడలేదని, భర్తతో ఎంతో సుఖంగా ఉండేదని చెప్పింది. మొదటి ముక్క నిజం, రెండోది పచ్చి అబద్ధం. ఆ అబద్ధంతో టామ్ పేరు కాగితాల మీదకు రాకుండా పోయింది. కేసు ‘దుఃఖంతో మతి తప్పినవాడి పని’గా మూసేశారు. నిక్ దాన్ని చూసి ఆమె గొప్ప వ్యక్తిత్వం చూపిందని మెచ్చుకుంటాడు. నాకు తెలిసిన కొద్దిమంది నిజాయితీపరుల్లో నేనొకణ్ణని మూడో అధ్యాయం చివర చెప్పుకున్న మనిషి అతనే. అబద్ధసాక్ష్యాన్ని వ్యక్తిత్వమని పిలిచే చోటికి అతన్ని తీసుకొచ్చింది ఎవరు?

రాఘవ_వరంగల్

వకీలు గారూ, నిక్ చెప్పి ఉంటే మాత్రం ఏం జరిగేది? గాట్స్‌బీ చనిపోయాడు, విల్సన్ తననుతానే కాల్చుకున్నాడు. డెయిజీకి ఒక చిన్న కూతురు ఉంది. ఆ బిడ్డ తల్లిని జైలుకు పంపడం న్యాయమా?

కర్నూలు వకీలు

న్యాయమో కాదో తేల్చడం కోర్టు పని, నిక్ పని కాదు. కానీ నిక్ నోరు మూసుకోవడం వల్ల హంతకుడన్న మచ్చతో గాట్స్‌బీ మట్టిలో కలిశాడు. అతని తండ్రి వచ్చింది ఆ అంత్యక్రియలకే. డెయిజీ నుంచి ఒక పువ్వు కూడా రాలేదు.

పాతపుస్తకం

నిన్న రాత్రి మళ్లీ మొదటి అధ్యాయం తెరిచాను. మనలో ఎవరూ ఎత్తని ఒక వాక్యం అక్కడ ఉంది. నిక్ తన వంశం గురించి చెబుతూ, బక్లూ డ్యూకుల సంతతి అని ఇంట్లో చెప్పుకుంటారు గానీ, నిజానికి వంశాన్ని నిలబెట్టినవాడు తన తాతకు సోదరుడంటాడు. ఆయన అమెరికా అంతర్యుద్ధానికి తన బదులు వేరే మనిషిని పంపి, ఇనుప సామాన్ల టోకు వ్యాపారం మొదలుపెట్టాడట. ఆ యుద్ధకాలంలో డబ్బిచ్చి బదులు మనిషిని పంపడం చట్టప్రకారం చెల్లేది. ఆ బదులు వెళ్లినవాడు ఎవరో, తిరిగి వచ్చాడో లేదో నిక్ చెప్పడు, అతని ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు.

మనోజ్ఞ గారు మొదట అడిగిన తేడా నాకు అక్కడ కనిపించింది. డెయిజీ బదులు గాట్స్‌బీ నిలబడ్డాడు. టామ్ బదులు, విల్సన్ చేతిలో చావడానికి, మళ్లీ గాట్స్‌బీయే నిలబడ్డాడు. టామ్ పేరు కాగితాలకెక్కకుండా కేథరిన్ అబద్ధం నిలబడింది. విల్సన్ అరువు సూటుకు మాత్రం బదులుగా ఎవరూ రాలేదు. సూటు యజమాని నేరుగా గుమ్మంలోకి వచ్చాడు.

మనోజ్ఞ

పాతపుస్తకం గారూ, ఆ వాక్యాన్ని మూడుసార్లు దాటి వెళ్లిపోయాను. మీరు చెప్పాక వంటగది కిటికీ దగ్గరకు మళ్లీ వెళ్లి చదివాను.

టామ్ ఏమైనా మొరటుగా ప్రవర్తిస్తే, గదిలో లైటు ఆర్పి మళ్లీ వెలిగించమని గాట్స్‌బీ డెయిజీతో ముందే సైగ మాట్లాడుకున్నాడు. లోపల ఏ అపాయమూ లేదని, వాళ్లిద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారని నిక్ కళ్లారా చూసి వచ్చాడు. అయినా గాట్స్‌బీకి అంతా ప్రశాంతంగా ఉందని మాత్రమే చెప్పి, బల్ల దగ్గర చూసినది చెప్పకుండా, అతన్ని ఆ వాకిట్లోనే వదిలి వెళ్లిపోయాడు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని గాట్స్‌బీ కాపలా కాశాడు. నాలుగింటి ప్రాంతంలో డెయిజీ కిటికీ దగ్గరకు వచ్చి ఒక్క నిమిషం నిలబడి, లైటు తీసేసింది.